చిమ్నీ రీడింగులు మా పంచాయతీ బోర్డు మీద రాయనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా మనవరాలు ఏడో తరగతి. స్కూల్లో గాలి కాలుష్యం మీద చార్ట్ చేసుకురమ్మన్నారని రంగు పెన్సిళ్లు పట్టుకుని నా పక్కన కూర్చుంది. ‘తాతా, మన చిమ్నీలోంచి ఇవాళ ఎంత గ్యాస్ వచ్చింది?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో 31 ఏళ్లు పనిచేసి 2019లో రిటైరైనవాణ్ని. షిఫ్టులో ప్రతి గంటకూ రీడింగులు తీసి లాగ్‌షీట్‌లో రాసినవాణ్ని. ఆ పిల్ల చార్టులో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. అందుకే మీకీ ఉత్తరం. కేంద్రం పేరూ మా ఊరి పేరూ రాయడం లేదు. ఎవరో ఒకరి మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. చిమ్నీ కనబడేంత దూరంలో కాపురాలున్న ఊళ్లన్నిటికీ ఈ మాట వర్తిస్తుంది.

నాది ఈఎస్‌పీ సెక్షన్, అంటే పొగలోంచి బూడిదను పట్టే యంత్రం దగ్గర పని. బాయిలర్‌లో బొగ్గు మండాక వచ్చే పొగ నేరుగా చిమ్నీ ఎక్కదు. దారిలో మేడంత ఎత్తున వరసగా వేలాడదీసిన ఇనుప ప్లేట్ల మధ్య నుంచి వెళ్తుంది. అక్కడ వేల వోల్టుల కరెంటు ఉంటుంది. దానివల్ల బూడిద రేణువులు పోయి ప్లేట్లకు అతుక్కుంటాయి. కాసేపటికోసారి సుత్తులు ప్లేట్లను కొడతాయి. దాన్ని రాపింగ్ అంటాం. అప్పుడు బూడిద జారి కింద గరాటుల్లా ఉండే హాపర్లలో పడుతుంది. టంగు టంగుమనే ఆ చప్పుడులో తేడా వస్తే ప్యానెల్ చూడకముందే మాకు తెలిసిపోయేది.

వానాకాలం నైట్ షిఫ్టులు మరిచిపోలేను. బూడిదకు చెమ్మ తగిలితే హాపర్‌లో గడ్డకట్టి కిందికి దిగదు. అది నిండి ప్లేట్ల దాకా వస్తే ఆ వరస షార్టై ట్రిప్ అవుతుంది. ఒక వరస పోతే భారమంతా పక్క వరస మీద పడుతుంది. అదీ పోతే బూడిద ఊరి మీదికే. అర్ధరాత్రి రెండింటికి ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని హాపర్ గొంతు మీద సుత్తితో కొట్టేవాళ్లం. మూత తీసి ఇనుప చువ్వతో పొడిచేవాళ్లం. లోపలి బూడిద మామూలు వేడి కాదు. ఒక్కసారిగా జారితే నీళ్లలా పారి మీద పడుతుంది. ఆ టెన్షన్‌లో ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు. నాతో చేసిన ఒక హెల్పర్‌కి మోచేయి దాకా కాలింది. నెల తర్వాత మళ్లీ అదే హాపర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఇంత అవస్థ ఎందుకంటే లెక్క అలాంటిది. వెయ్యి మెగావాట్ల కేంద్రం పూర్తి లోడులో నడిస్తే రోజుకు సుమారు 15 వేల టన్నుల బొగ్గు కావాలి. అందులోని వేడిలో మూడో వంతుకు కాస్త అటూఇటూగానే కరెంటుగా మారుతుంది. మన బొగ్గులో వంద కిలోలకు 35 నుంచి 40 కిలోలు బూడిదే. అంటే రోజుకు ఐదారు వేల టన్నులు. దాంట్లో ఐదింట నాలుగు వంతులు పొగతోపాటు ఎగిరి ఈఎస్‌పీకి వస్తుంది. వందకు 99 పాళ్లు పట్టినా మిగిలిన ఒక్క పాలే రోజుకు 40, 50 టన్నులై గాలిలో కలుస్తుంది. 99.9 పాళ్లు పడితే నాలుగైదు టన్నులకు దిగుతుంది. ఆ 99కీ ఈ 99.9కీ మధ్య ఉండేది ఒక ఫోర్‌మన్, ఇద్దరు హెల్పర్లు, సమయానికి దొరికే స్పేర్ పార్టులు. నా ఉద్యోగం అంటే నాకు గౌరవం ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. 2024 ఆగస్టులో పాల్వంచ పాత కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. నేను అక్కడ పనిచేయలేదు. అయినా అవి మావాళ్లు కట్టినవి, మావాళ్లు నడిపినవి. థర్మల్ కరెంటు వద్దనేవాణ్ని కాదు నేను. దాంతోనే పిల్లల్ని చదివించాను.

మా ఇల్లు కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు. మా ఆవిడ డాబా మీద వడియాలు పెట్టేముందు పిట్టగోడ మీద వేలు గీసి చూస్తుంది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా, బూడిదరంగులో వేలికి అంటితే ఆ రోజుకు వడియాలు లేనట్టే. ఉతికిన బట్టలు కూడా వరండాలోనే. నేను సర్వీసులో ఉన్నప్పుడు ‘మీరు నైట్ డ్యూటీకి పోయిన రోజు తక్కువ పడుతుందండీ’ అనేది. ఏ ఇంక్రిమెంటూ నాకు ఆ మాటంత సంతోషం ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె పర్సులో తాళంచెవుల పక్కన ఇన్‌హేలర్ ఉంటోంది. చిమ్నీ పొగ వల్లే వచ్చిందని డాక్టరు అనలేదు, నేనూ అనను. చిన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి పొగ పీల్చిన మనిషి. కాకపోతే గాలి కదలని డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దాని అవసరం ఎక్కువ పడుతుందనీ, గట్టి వాన పడ్డ మర్నాడు తక్కువనీ మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇన్నేళ్లూ నేను పట్టింది బూడిదనే. కంటికి కనబడేదాన్ని పట్టుకుని, నా పని నేను చేశానని ఇంటికొచ్చి పడుకున్నాను. కనబడనిది ఆ ప్లేట్ల మధ్య నుంచే, నా ముందు నుంచే చిమ్నీ ఎక్కి వెళ్లిపోయింది. బొగ్గులో గంధకం ఉంటుంది. మండితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అది గ్యాస్ కాబట్టి ఈఎస్‌పీకి చిక్కదు. మన బొగ్గులో గంధకం తక్కువే, వంద కిలోలకు అరకిలో ప్రాంతంలో ఉంటుంది. కానీ కిలో గంధకం మండితే రెండు కిలోల గ్యాస్ వస్తుంది. అంటే టన్ను బొగ్గుకు దాదాపు పది కిలోలు. రోజుకు 15 వేల టన్నుల బొగ్గుకు దగ్గరదగ్గర 150 టన్నులు. ఊరి మీద పడకూడదని రాత్రిళ్లు మేల్కొని ఆ నాలుగైదు టన్నుల బూడిద కోసం కొట్లాడాను. ఈ 150 టన్నుల సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

దాన్ని ఆపే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. సున్నపురాయిని మెత్తగా నూరి నీళ్లలో కలిపి ఒక పెద్ద టవర్‌లో పొగ మీద వానలా కురిపిస్తారు. గ్యాస్ అందులో కలిసి జిప్సం అవుతుంది. ఆ జిప్సం సిమెంటుకూ, గోడలకు వాడే బోర్డులకూ పనికొస్తుంది. ఈ ఏర్పాటునే ఎఫ్‌జీడీ అంటారు. చైనాలో దాదాపు అన్ని బొగ్గు కేంద్రాలకూ పెట్టేశారు.

మన దగ్గర 2015 డిసెంబర్ 7న కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు తొలిసారి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి పెట్టింది. అప్పటికే నడుస్తున్నవాటిలో 500 మెగావాట్లు, ఆపైన ఉన్న యూనిట్లకు ఘనపు మీటరు పొగలో 200 మిల్లీగ్రాములు. అంతకన్నా చిన్నవాటికి 600. 2017 జనవరి నుంచి వచ్చే కొత్తవాటికి 100. అప్పుడు నేను డ్యూటీలోనే ఉన్నాను. మాకు క్లాసు కూడా పెట్టారు. కొత్త నోట్‌బుక్ కొనుక్కుని వెళ్లి అంతా రాసుకున్నాను. రెండేళ్లలో పూర్తవ్వాలన్నారు. 2017 పోయి 2022 అయింది. 2021లో కేంద్రాలను ఏ, బి, సి అని మూడు ముక్కలు చేశారు. ఆ తర్వాత గడువు 2024, 2025, 2026 అయింది. 2024 డిసెంబర్ ఆఖరులో మరో మూడేళ్లు జరిగింది. చివరికి 2025 జూలై 11న సి కేటగిరీకి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చారు. దేశంలోని సుమారు 600 యూనిట్లలో వందకు 78 ఈ సి లోనే ఉన్నాయి.

ఏ, బి, సి అంటే ఏమిటో మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రం ఏ. అది 2027 చివరికల్లా పరిమితిలోకి రావాల్సిందే. కాలుష్యం ఇప్పటికే మితిమీరిందని గుర్తించిన ప్రాంతాలకు, నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నది బి. దాని సంగతి విడివిడిగా చూసి తేలుస్తారు. మిగిలినవన్నీ సి.

సంపాదకులు గారూ, ఆ పది కిలోమీటర్లు నగరం దగ్గర నుంచి కొలిచారు. నాలుగు కిలోమీటర్లలో ఉన్న మా డాబా మీద నుంచి ఎవరూ కొలవలేదు. పది లక్షల మంది లేరు కాబట్టి మా ఊపిరితిత్తులు లెక్కలోకి రాలేదు. భూములిచ్చింది మా ఊళ్లే. బూడిద చెరువులు మా పొలాల పక్కనే. బూడిద తీసుకెళ్లే లారీలు తిరిగేది మా రోడ్ల మీదే. అన్నిటికన్నా దగ్గరున్నవాళ్లం మేమైతే, దగ్గరితనం కొలిచే టేపు మా దాకా రాకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

మినహాయింపుతోపాటు ఒక షరతు పెట్టారు. 2029 చివరికల్లా చిమ్నీ నిర్ణీత ఎత్తు ఉండాలని. 210 మెగావాట్ల యూనిట్లకు 220 మీటర్లు, 500 మెగావాట్లు, ఆపైనవాటికి 275 మీటర్లు అన్నది పాత రోజుల నుంచీ ఉన్న లెక్కే. ఎత్తయిన చిమ్నీ పొగను పైగాలిలో పలచబరిచి దూరంగా పంపిస్తుంది. గ్యాస్ ఒక్క కిలో కూడా తగ్గదు. మన వాకిట్లో చెత్తను ఊడ్చి పక్కవాళ్ల వాకిట్లో పోయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

మినహాయింపు ఇచ్చినవాళ్లు ఐఐటీ ఢిల్లీ, నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) లాంటి సంస్థల అధ్యయనాలు చూపించారు. చాలాచోట్ల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోపే ఉందనీ, ఎఫ్‌జీడీ పెడితే సున్నపురాయి తవ్వకమూ, కరెంటు ఖర్చూ అదనమనీ అన్నారు. ఆ అంకెల్ని నేను కాదనను. 24 గంటల సగటుకు మన దేశంలో పరిమితి ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు. చాలా ఊళ్లలో అంతకన్నా తక్కువే ఉంటుంది. కానీ ఆ గ్యాస్ ఎల్లకాలం గ్యాస్‌గానే ఉండదు. గాలిలోని తేమతో, అమ్మోనియాతో కలిసి సల్ఫేటు రేణువులుగా మారుతుంది. అవి వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండవు. వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. వాటిని కొలిచేది పీఎం 2.5 మీటరు, అంటే అతి సన్నని ధూళిని లెక్కపెట్టేది. అంటే సల్ఫర్ డయాక్సైడ్ గడిలో తగ్గినట్టు కనబడింది, ధూళి గడిలో చేరింది. లాగ్‌షీట్ రాసినవాడిగా చెబుతున్నాను, ఒక గడిలోంచి ఇంకో గడిలోకి పోయినదాన్ని తగ్గిందని రాయకూడదు.

పల్లెలున్న చోట ఎఫ్‌జీడీ దండగ అనే మాటకు మహారాష్ట్రలోని దహాను జవాబు. సముద్రం ఒడ్డున సపోటా తోటల ప్రాంతం. అక్కడ పది లక్షల నగరమేమీ లేదు. 500 మెగావాట్ల కేంద్రం ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 1996లో ఆ తాలూకాకు ప్రత్యేకంగా ఒక పర్యావరణ అథారిటీ ఏర్పడింది. తోటల వాళ్లూ ఊళ్లవాళ్లూ ఏళ్ల తరబడి వెంటపడ్డారు. అథారిటీ పట్టుబట్టింది. 2007లో ఎఫ్‌జీడీ నడిచింది. కేంద్రం మూతపడలేదు. ఒక్కసారి వెళ్లి చూసి రావాలని సర్వీసులో ఉన్నప్పటి నుంచీ కోరిక, ఇంకా తీరలేదు.

మినహాయింపు వల్ల యూనిట్‌కు 25, 30 పైసలు కలిసొస్తుందని అప్పట్లో వార్తలు వచ్చాయి. మా ఇంట్లో నెలకు 220 యూనిట్లు కాలుతుంది. 30 పైసల చొప్పున 66 రూపాయలు. మా ఆవిడ ఇన్‌హేలర్ ఒక్కటి అంతకు ఎన్నో రెట్లు. పెన్షన్ మీద బతికేవాణ్ని, ఆ 66 రూపాయలు నేను కడతాను. కట్టలేని ఇళ్లు మా వీధిలో ఉన్నాయి, వాళ్ల తరఫున ప్రభుత్వం భరించవచ్చు.

కొన్నేళ్ల కిందట మా దగ్గర విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. షామియానా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మా వీధి చివర కూరగాయలు అమ్ముకునే ఆమె మైకు అడిగి తీసుకుంది. ‘బూడిద అంటే చీపురు పెట్టి ఊడ్చుకుంటున్నాం సారూ. కనబడనిదాన్ని దేనితో ఊడ్చుకోవాలె?’ అంది. వేదిక మీద నుంచి ఉద్యోగాల గురించి చెప్పారు, స్కూలు భవనం గురించి చెప్పారు. ఆమె ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. లేచి నాకు తెలిసింది చెప్పి ఉండాల్సింది. సర్వీసులో ఉన్నానని నోరు మెదపలేదు. ఆ తప్పు నాది, అప్పటి నుంచీ నన్ను బాధిస్తోంది.

మనవరాలి ప్రశ్నకు జవాబు లేకపోవడానికి అంకెలు లేకపోవడం కారణం కాదు. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశాలిచ్చాక పెద్ద కేంద్రాల చిమ్నీలకు ఆన్‌లైన్ మీటర్లు వచ్చాయి. ధూళి ఎంత, సల్ఫర్ డయాక్సైడ్ ఎంత, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంత అన్నది ఎప్పటికప్పుడు మండలి సర్వర్‌కు పోతుంది. అందుకని పిల్లను బండి మీద ఎక్కించుకుని గేటు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ అంకెలు చూపించే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంది. ఆరిపోయి ఉంది. గార్డు కుర్రాడు నన్ను గుర్తుపట్టి లేచి నమస్కారం పెట్టాడు. ‘రిపేర్‌లో ఉంది సార్, పైన చెప్పాం’ అన్నాడు. ఎన్నాళ్లయింది బాబూ అంటే, ‘నేను చేరినప్పటి నుంచి ఇట్లనే ఉంది’ అన్నాడు. బోర్డు మీద పెయింటుతో రాసిన పేర్లను మనవరాలు తన నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. పక్కన అంకెల చోటు వదిలేసింది.

మాకు నెలకోసారి సగటు చెబితే సరిపోదు. బాయిలర్ చల్లారి ఉన్నప్పుడు ముందు ఆయిల్‌తో వెలిగిస్తారు. ఆ కొన్ని గంటలూ ఈఎస్‌పీకి కరెంటు పెట్టరు, ఆయిల్ మసి ప్లేట్లకు పట్టి అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఊళ్లవాళ్లు నల్లపొగ చూసేది అప్పుడే. ఇప్పుడు పగటిపూట సోలార్ కరెంటు వస్తోంది కాబట్టి థర్మల్ యూనిట్లను తగ్గించడం, మళ్లీ పెంచడం ఎక్కువైంది. ఏ గంట ఎలా ఉందో తెలిస్తే పిల్లల్ని ఆటకు ఎప్పుడు పంపాలో, మిర్చి ఎప్పుడు ఆరబోయాలో మేమే చూసుకుంటాం. నెల సగటులో ఆ గంటలు కనబడవు.

మినహాయింపును వెనక్కి తీసుకోవాలనే నా కోరిక. మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు ఈ సంగతి సభలో అడగాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. అది తేలేసరికి ఎన్నేళ్లు పడుతుందో, పదేళ్ల గడువులు చూసిన నాకు అర్థమవుతుంది. రీడింగులు చూపించడానికి మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. సర్వర్‌కు పోతున్నవాటినే రోజూ చిమ్నీ చుట్టూ ఉన్న పంచాయతీలకు పంపితే చాలు. తెలుగులో పంపాలి.

మా పంచాయతీ ఆఫీసు వరండాలో నల్లబోర్డు ఉంది. ఉపాధి హామీ పనుల వివరాలు రాస్తారు. దాంట్లో సగం ఇప్పిస్తే రోజూ ఉదయం ఏడింటికి నేనే వెళ్లి సుద్దముక్కతో రాస్తాను. ఎడమ పక్క పరిమితి, కుడి పక్క నిన్న గంటగంటకూ వచ్చిన రీడింగులు. జీతం అక్కర్లేదు. నాకు ఒంట్లో బాగాలేని రోజు మా మనవరాలు రాస్తానంది. ఆమె చార్టులో ఆ ఒక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
రిటైర్డ్ ఫోర్‌మన్, ఈఎస్‌పీ సెక్షన్